గల్దోస్‌ని ఎక్కడ మొదలుపెట్టాలి? ఆయన పేరు మీద ఇంత గొడవ ఎందుకు?

ప్రశ్న:
బెనితో పెరేస్ గల్దోస్ (1843–1920) స్పెయిన్ చరిత్ర మీద రాసిన ‘ఎపిసోదియోస్ నసియొనాలెస్’ మొత్తం 46 నవలలు. అన్నీ వరసగా చదవాల్సిందేనా? ‘దోన్ కిహోతె’ రాసిన సెర్వాంతెస్ తర్వాత ఈయనే అని కొందరంటే, శైలి లేదని కొందరు కొట్టిపారేస్తారు. ఎందుకు?

జవాబు 1:
అన్నీ అక్కర్లేదండి. ఈ నవలలు ఐదు వరసలుగా (సిరీస్‌లుగా) వచ్చాయి. మొదటి నాలుగు వరసలూ పదేసి నవలలు, ఐదోది ఆరుతో ఆగిపోయింది. మొదటి వరస మాత్రం క్రమం తప్పకుండా చదవండి. తొలి పుస్తకం ‘త్రఫాల్గార్’ (1873), ఆ పేరుగల నౌకాయుద్ధం కథ. యుద్ధానికి ముందు ఓడ డెక్ మీద ఇసుక చల్లుతుంటే ఎందుకని అడుగుతాడు కథ చెప్పే గబ్రియేల్ అనే కుర్రాడు. నెత్తురు కోసమని జవాబొస్తుంది. ఇక పుస్తకం కింద పెట్టలేం. మధ్యలో ‘హెరోనా’తో మొదలుపెడితే తికమకే, అక్కడ కథ చాలావరకు గబ్రియేల్ కాక ఇంకొకడు చెబుతాడు.

ఈ వరసల్లో చేరని సమకాలీన నవల ‘ఫొర్తునాతా ఇ హసింతా’ (1886–87) ఆయన శిఖరం. కానీ మొదట్లో మద్రీద్ బట్టల వర్తకుల వంశవృక్షాలు పేజీలకు పేజీలు సాగుతాయి, చాలామంది అక్కడే ఆపేస్తారు. పేర్లు గుర్తుపెట్టుకోకుండా ముందుకెళ్లండి. మెట్ల మీద పచ్చిగుడ్డు జుర్రుతూ ఫొర్తునాతా కనిపించేదాకా ఓపిక పట్టాలి.

జవాబు 2:
పేరు సంగతి. శైలి మీద విమర్శ నిజమే, కానీ అసలు పగ రాజకీయం. మతాధికారుల పెత్తనాన్ని ‘దోన్యా పెర్ఫెక్తా’ నవల (1876) నుంచే ఎండగట్టాడు. 1901 జనవరి 30న అదే ధోరణిలోని ఆయన ‘ఎలెక్త్రా’ నాటకం మద్రీద్‌లో ఆడాక వీధుల్లో ఊరేగింపులు జరిగాయి. 1907లో రిపబ్లికన్ల తరఫున పార్లమెంటుకి ఎన్నికయ్యాడు. 1912లో నోబెల్‌కి ఆయన పేరు ముందుకొస్తే సంప్రదాయ పక్షం పండితుడు మెనెందెస్ పెలాయోని పోటీ నిలబెట్టింది. విచిత్రమేమంటే, 1897లో గల్దోస్ స్పానిష్ భాషా అకాడమీలో చేరినప్పుడు స్వాగతోపన్యాసం ఇచ్చింది ఆ మెనెందెస్ పెలాయోనే! బహుమతి చివరికి జర్మన్ రచయిత హాప్ట్‌మాన్‌కి వెళ్లింది.

గల్దోస్‌ని ‘శనగలవాడు’ (రోజువారీ తిండిలా మామూలుగా రాసేవాడని) అన్న ఎగతాళి, రచయిత వాయె-ఇంక్లాన్ 1920 నాటి నాటకంలో ఒక పాత్ర నోట వచ్చింది. అదొక్కటే పట్టుకుని గల్దోస్‌ని తూచడం అన్యాయం.

జవాబు 3:
ఒక్కటి కలుపుతాను. రెండో వరస 1879లో ముగిసింది, మూడోది 1898లో గానీ మొదలవలేదు. ఈ మధ్యలోనే ఆయన గొప్ప సమకాలీన నవలలన్నీ వచ్చాయి. ప్రచురణకర్తతో హక్కుల తగాదా 1897లో తేలాక, డబ్బు అవసరం కూడా తోడై, మళ్లీ చరిత్రకి తిరిగాడు. తర్వాత చూపు పోయింది, 1911, 1912 ఆపరేషన్లు ఫలించలేదు. చివరి పుస్తకాలు చెప్పి రాయించాడు. అందుకే ఐదో వరస బిగువు తక్కువ, దాన్ని ఆఖరికి ఉంచుకోండి.