సంక్రాంతికి కలుసుకునే కుటుంబం: అలంకరణ బయటివారికి అప్పగించాలా, ఇంటివారే చేసుకోవాలా?

గోదారిగట్టు:
వచ్చే సంక్రాంతికి కోనసీమలోని మా తాతగారి ఇంట్లో నాలుగు తరాలవారం, అరవై మందికి పైగా, భోగి మొదలు కనుమ వరకు మూడు రోజులు కలిసి గడపాలని నిశ్చయించుకున్నాము. ఇంటికింత అని వేసుకున్న డబ్బులో వంటవారికి, సరుకులకు, షామియానాకు, కుర్చీలకు పోగా అలంకరణకు మిగిలేది 12,000 రూపాయలు. అమలాపురంలో విచారిస్తే పూలగోడ, వేదిక, గుమ్మం ముందు కమాను, దీపాలు అన్నీ కలిపి ఒక్క రోజుకే 35,000 అడిగారు. "పదేళ్ళకు ఒకసారి కలుస్తున్నాము, రేపు ఫొటోలలో మిగిలేది అదే, తలా కొంత వేసుకుందాం" అని మా బాబాయిగారి వాదన. ముగ్గూ తోరణమూ ఉన్న పండుగ ఇంటికి వేరే అలంకరణ ఏమిటని మా మేనత్తగారి ప్రశ్న. నా మొగ్గు మేనత్తగారి వైపే గాని, ఇటువంటి కలయికలు జరిపించినవారి అనుభవం తెలుసుకుని నిర్ణయించాలని ఇక్కడ అడుగుతున్నాను.

అరటిబోదె:
మీ మేనత్తగారి మాట అక్షరాలా సరైనది. కోనసీమలో ఉండి అలంకరణకు 35,000 పెట్టడమంటే ఏటి ఒడ్డున కూర్చుని నీళ్ళు కొనుక్కోవడమే. గెల కోసిన తరువాత అరటిచెట్టును ఎలాగూ నరికివేస్తారు కనుక, తోటవారికి ముందుగా ఒక మాట చెప్పి ఉంచితే గుమ్మానికి అటూ ఇటూ నిలబెట్టే బోదెలు దాదాపు ఉచితంగా వస్తాయి. కొబ్బరిమట్టలకు కొరతే లేదు. పచ్చిమట్టను ఈనె వెంట నిలువునా చీల్చి ఆకులను జడలా అల్లితే షామియానా గుంజలను కప్పే తడిక తయారవుతుంది. అప్పటికి సార్వా కోతలు అయిపోయి ఉంటాయి కాబట్టి వరికంకులను కుచ్చులుగా కట్టి చూరుకు వేలాడదీయండి. పిల్లలకు పిచ్చుకలు రావడం ఒక వేడుక అవుతుంది. డబ్బు పెట్టవలసింది పూలకు, సీరియల్ సెట్లకు మాత్రమే. పూలు ఊళ్ళో మూరల లెక్కన కొనకండి. కడియపులంక పూలమార్కెట్‌కు తెల్లవారుజామున ఒక మనిషిని పంపి విడిపూలు కిలోల లెక్కన తెప్పించి, ఇంటి దగ్గరే గుచ్చుకోండి.

పట్నంమేనల్లుడు:
పై సలహా చదవడానికి బాగుంది గాని, పండుగ ముందు రోజులలో బంతి, చేమంతి ధరలు ఎలా ఎగబాకుతాయో తెలిసినవారు దానిని చవక మార్గమని అనరు. గుమ్మానికి, పందిరికి, వేదికకు సరిపడా పూలు, బండి బాడుగ, మధ్యలో వాడిపోయినవి తీసి మళ్ళీ కట్టడం, ఇవన్నీ లెక్క వేస్తే 12,000 ఎక్కడికక్కడే కరిగిపోతుంది. అలంకరణవారి దగ్గర బట్ట పూలు, ఇనుప చట్రాలు ముందే ఉంటాయి. మొత్తం పని కాకుండా వేదిక ఒక్కటే అడిగితే ధర చాలా తగ్గించుకోవచ్చు. ఫొటోలలో వెనుక ఏముందన్నది చిన్న విషయం కాదు. ఇరవై ఏళ్ళ కిందటి మా ఇంటి సమావేశం ఫొటో ప్రతి ఒక్కదానిలోనూ మా తాతగారి తల వెనుక నీళ్ళ ట్యాంకే కనిపిస్తుంది.

పెద్దకోడలు:
ఇప్పటివరకు వ్రాసినవారెవరూ అడగని ప్రశ్న నేను అడుగుతాను. ఆ విడిపూలను గుచ్చేదెవరు? ఆరేళ్ళ కిందట మా అత్తవారింట్లో ఇదేవిధంగా "మనమే చేసుకుందాం" అని తీర్మానించారు. తీర్మానించినవారు మండువాలో కూర్చుని చతుర్ముఖ పారాయణం చేసుకుంటూ ఉండగా, మేము నలుగురు తోడికోడళ్ళం, పెళ్ళికాని ఇద్దరు ఆడపడుచులం, అరిసెలు వండి, వాకిలి కడిగి, ముగ్గు పెట్టి, రాత్రి ఒంటిగంట దాకా బంతిపూలు గుచ్చాము. మరునాడు వచ్చినవారందరూ ఎంత తక్కువలో ఎంత బాగా చేశారని మామగారిని మెచ్చుకున్నారు. అలంకరణకు అయిన ఖర్చు నాలుగు వేల చిల్లర అని ఆయన ఈనాటికీ చెప్పుకుంటారు. మా ఆరుగురి కూలి ఆ లెక్కలోకి రాలేదు. నేను బయటివారికి అప్పగించమని అనడం లేదు. ఏ పని ఎవరిదో కాగితం మీద పేర్లతో వ్రాయకుండా ఇంటివారే చేసుకోవాలని తీర్మానిస్తే, ఆ చవక ఆడవాళ్ళ నడుముల మీద తేలిన చవక అవుతుందని అంటున్నాను. సెలవు మీద వచ్చే కోడలికి కూడా అది పండుగే కదా.

అరటిబోదె:
పెద్దకోడలు గారి మాటకు నా దగ్గర సమాధానం లేదు. నేను వ్రాసినదానిలో పూలు తెచ్చే మనిషి ఉన్నాడు, గుచ్చే మనిషి లేదు. అది నా పొరపాటే. ఊళ్ళో మాలలు కట్టేవారికి కూలి ఇచ్చి ఒక పూట కూర్చోబెట్టుకోండి, ఆ కూలిని అలంకరణ ఖర్చులోనే చూపించండి. పట్నంమేనల్లుడు గారికి ఒక్క మాట: వేదిక అడిగేటప్పుడు దాని మీది అక్షరాలు దేనితో చేస్తారో అడగండి. అలంకరణకు వాడే థర్మోకోల్ 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధంలో ఉంది. అట్టముక్కతో కోసిన అక్షరాలకు రంగుకాగితం అంటిస్తే సరిపోతుంది, పిల్లలకు ఒక మధ్యాహ్నపు పని దొరుకుతుంది.

పాతపెట్టె:
నీళ్ళ ట్యాంకుకు మందు చెబుతాను. మీ నాయనమ్మగారి పాత చీరలు, ఉప్పాడవో మంగళగిరివో, పెట్టెలో ఉండే ఉంటాయి. గట్టి తాడు కట్టి, వాటిని మడతలు విప్పి సగానికి వేలాడదీస్తే ఏ పూలగోడా దాని ముందు నిలవదు. పిన్నులు మాత్రం గుచ్చవద్దు, పాత జరీ చిరుగుతుంది. బట్టల క్లిప్పులు వాడండి. అయితే ఇంట్లో పెద్దవారిని ముందుగా అడగండి. మేము అడగకుండా మా అమ్మమ్మ చీరలు కట్టితే, మా పెద్దమ్మ వాటిని చూసి భోజనం దగ్గర నుంచి లేచి వెళ్ళిపోయింది. పాత ఫొటోలు తాడుకు కట్టేవారికి కూడా ఇదే మాట: గతించినవారి ఫొటోల వరుసలో బ్రతికి ఉన్నవారి ఫొటో కలపకండి, ఎంత చదువుకున్నవారైనా దానికి నొచ్చుకుంటారు.

గోదారిగట్టు:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఫోనులో అందరం మాట్లాడుకున్నాము. వేదిక వద్దని తేలింది. చీరల సంగతి మా మేనత్తగారు ఒప్పుకోవడమే కాక, తన పెళ్ళినాటి చీర కూడా తెస్తానన్నారు. బోదెలు, మట్టలు కొట్టించి కట్టించే బాధ్యత బాబాయిగారిది, ఆయన ఇద్దరు కొడుకులది. సీరియల్ సెట్లు నావి. మాలలకు కూలి మనుషులు. పేర్లు, పనులు వ్రాసిన కాగితాన్ని కుటుంబం గ్రూపులో పెట్టాను. బాబాయిగారు ఇంకా దానికి జవాబు ఇవ్వలేదు. పూల ధర ఒక్కటే నాకు మిగిలిన భయం.

పెద్దకోడలు:
ఇంకా నవంబరు మొదటి వారమే కదండీ. పెరట్లో ఖాళీ ఉంటే ఈ వారంలోనే బంతినారు తెప్పించి నాటించండి. సుమారు రెండు నెలలకు పూలు వస్తాయి, భోగికి అందుతాయి. నీళ్ళు పోసేవారి పేరు కూడా ఆ కాగితంలో వ్రాయండి.