వారం వారం సగం నీళ్లు మార్చడం: పెద్ద మొక్కల ట్యాంకుకు అవసరమా, రొయ్యలకు ముప్పా?

రాతిగూడు (కొంపల్లి, హైదరాబాద్)

మా ట్యాంకు నాలుగడుగుల పొడవు, వెడల్పూ ఎత్తూ రెండేసి అడుగులు. రాళ్లూ మట్టీ పోను నికరంగా 400 లీటర్లు పడతాయి. వాలిస్నేరియా, క్రిప్టోకోరైన్, అనూబియాస్, జావా ఫెర్న్ బాగా అల్లుకున్నాయి. రమ్మీనోస్ టెట్రాల గుంపు, అడుగున కోరీ చేపలు, మొక్కల నిండా చెర్రీ రొయ్యలు. సీవోటూ సిలిండర్ పెట్టలేదు. లైటు రోజుకు ఏడు గంటలు.

ఎవరిని అడిగినా చెప్పే సలహా ఒకటే: వారానికోసారి సగం నీళ్లు మార్చు. ఇలాంటి ట్యాంకుకు అది వర్తించదని నా వాదన. ఆ సగం లెక్క ఎక్కువగా మొక్కల ట్యాంకుల నిపుణుడు టామ్ బార్ చెప్పిన ఎస్టిమేటివ్ ఇండెక్స్ అనే ఎరువుల పద్ధతి నుంచి వచ్చింది. బలమైన లైటు, సీవోటూ ఉన్నచోట మొక్కలకు ఏ ఎరువూ తక్కువ కాకుండా కొంచెం ఎక్కువే వేస్తారు. మిగిలిపోయింది పేరుకోకుండా వారం చివర సగం నీళ్లు తీసేస్తారు. ఎరువే అరకొరగా వేసే ట్యాంకులో ఆ సగం దేనికి? మొక్కలు నిండుగా ఉంటే చేపల వ్యర్థంలోని అమ్మోనియాను నైట్రేటుగా మారకముందే చాలావరకు అవే లాగేసుకుంటాయి. నా దగ్గర నైట్రేటు 10 దాటదు.

ఇక రొయ్యల సంగతి. ఎండాకాలం మా అపార్ట్‌మెంటుకు ఒక వారం మంజీరా నీళ్లు, ఒక వారం బోరు, ఇంకో వారం ట్యాంకరు. బోరు టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) 800, నా ట్యాంకులో 350. ఒకేసారి 200 లీటర్లు మారిస్తే 350 కాస్తా 575 అవుతుంది. 40 లీటర్లయితే 395 దగ్గర ఆగుతుంది. ఆ గంతును చేపలు తట్టుకోవచ్చు కానీ గుల్ల విడిచే రొయ్య తట్టుకోదు. వారానికి పది శాతం చాలు. కాదనేవాళ్లు లెక్కతో రండి.

హరితజలం (విజయవాడ)

లెక్కతోనే వస్తాను రాతిగూడు గారూ.

వారానికి మీ ట్యాంకులో ఏదైనా ఒక పదార్థం 5 పాళ్లు మిగిలిపోతోందనుకోండి. వారం వారం సగం నీళ్లు మారిస్తే అది ఎన్నేళ్లయినా 10 దాటదు. పది శాతమే మారిస్తే నెమ్మదిగా 50 దాకా పోతుంది. నైట్రేటును మొక్కలు తింటాయంటారు, ఒప్పుకుంటాను. కానీ సోడియం, క్లోరైడులను అవి తినేది ఏ మూలకు? మేతలో వచ్చే ఉప్పు, బోరులో వచ్చే ఉప్పు ఎక్కడికీ పోవు. మీ దగ్గరున్న నైట్రేటు కిట్టు వాటిని చూపించదు.

మీ 575 లెక్కలో ఇంకో చిక్కుంది. ఆ గంతు నీళ్లు మార్చడం వల్ల వచ్చింది కాదు, ఇన్నాళ్లూ మార్చకపోవడం వల్ల వచ్చింది. మొదటినుంచీ బోరు నీళ్లతోనే వారం వారం సగం మార్చి ఉంటే ట్యాంకులోనూ ఇంచుమించు 800 ఉండేది. పోసే నీళ్లూ 800. అప్పుడు గంతు ఎక్కడిది? చెర్రీ రొయ్య మారని 800లో బతుకుతుంది, పిల్లల్నీ పెడుతుంది. ఇవాళ 350, రేపు 575 అంటేనే దాని ప్రాణం మీదికొస్తుంది.

నాది సీవోటూ ట్యాంకు. రొటాలా మొక్కలు ఎర్రగా ఉండాలంటే ఎరువు వేయక తప్పదు, వేశాక సగం మార్చకా తప్పదు. రెండేళ్లుగా కృష్ణా కుళాయి నీళ్లే వాడుతున్నాను, రొయ్యలు తగ్గలేదు.

ప్రవాసి (డాలస్)

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. సగం మార్చేవాళ్లు పోసే నీళ్లలో ఏముందో ముందు తెలుసుకోవాలి. మా డాలస్ చుట్టుపక్కల కుళాయి నీళ్లలో క్లోరిన్ బదులు క్లోరమైన్ ఉంటుంది. మన ఊళ్లో రాత్రంతా బకెట్లో ఉంచితే క్లోరిన్ పోతుందంటారు కదా, క్లోరమైన్ అలా పోదు. క్లోరిన్ పోగొట్టడానికి వాడే హైపో వేస్తే క్లోరిన్ విడిపోతుంది కానీ అమ్మోనియా మిగులుతుంది. పీహెచ్ 8, నీళ్లు 30 డిగ్రీల దగ్గర ఉంటే ఆ అమ్మోనియాలో విషరూపం 7 శాతం పైమాటే. పీహెచ్ 7, 25 డిగ్రీల దగ్గర అది ఒక శాతం కూడా ఉండదు. 40 లీటర్లతో ట్యాంకులోకి వచ్చే అమ్మోనియాకి, 200 లీటర్లతో వచ్చేదానికి తేడా అక్కడుంది. ఇక్కడివాళ్లు అమ్మోనియాను కూడా పట్టి ఉంచే కండిషనర్ వాడండి.

గట్టుమీద (భీమవరం)

మాది చెరువుల కుటుంబం అండి. అక్వేరియం ఇంట్లో సరదాకి పెట్టుకున్నదే కానీ, రొయ్య అంటే మాకు జీవనాధారం. వనామీ సముద్రపు రొయ్య, చెర్రీ మంచినీటి రొయ్య. రెండూ ఒకటి కావు, అది మనసులో పెట్టుకునే చెప్తున్నాను.

టైగర్ రొయ్య రోజుల్లో, 1990ల నడుమ, తెల్లమచ్చ జబ్బు మా జిల్లాను ముంచేసింది. అంతకుముందు కాలవ నీళ్లు విరివిగా మార్చడం మంచి సాగు కింద లెక్క. జబ్బు ఆ నీళ్లతోనే వస్తోందని తెలిశాక తీరు మారింది. 2009లో వనామీ సాగుకు అనుమతి వచ్చే నాటికి నీటి మార్పిడి తగ్గించడం మామూలైపోయింది. ఇప్పుడు మంచి రైతు నీళ్లు తక్కువ మారుస్తాడు. అలాగని నీళ్లను వాటి మానాన వదిలేయడు. రోజూ పీహెచ్ చూస్తాడు, ఆల్కలినిటీ (పీహెచ్ జారిపోకుండా కాచే గుణం) చూస్తాడు, తగ్గితే సోడా వేస్తాడు, మినరల్స్ చల్లుతాడు, రాత్రి ఏరేటర్లు తిప్పుతాడు. నీళ్లు మార్చకపోవడం పని తగ్గించుకోవడం కాదండి. మార్చడం మానేస్తే చూసుకోవలసింది పెరుగుతుంది. రాతిగూడు గారి వాదనలో నాకు ఆ మాట కనిపించలేదు.

ఆల్కలినిటీనే మీరు కేహెచ్ అంటారు. బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రేటుగా మార్చేటప్పుడు ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కి 7 మిల్లీగ్రాముల పైచిలుకు ఆల్కలినిటీ ఖర్చవుతుంది. కొత్త నీళ్లు రాకపోతే కేహెచ్ కరిగిపోతుంది, పీహెచ్ జారుతుంది. బాగా జారాక ఆ బ్యాక్టీరియా కూడా నెమ్మదిస్తుంది. అమ్మోనియా పేరుకుంటుంది కానీ తక్కువ పీహెచ్‌లో అది అమ్మోనియంగా ఉంటుంది కాబట్టి చేప బతికేస్తుంది. అప్పుడు ఎవరో చెప్పారని ఓ ఆదివారం సగం నీళ్లు మారుస్తారు. పీహెచ్ ఒక్కసారిగా పైకి లేస్తుంది, అమ్మోనియం కాస్తా అమ్మోనియా అవుతుంది, సాయంత్రానికి చేపలు తేలతాయి. నీళ్లు మార్చడం వల్లే చచ్చాయని అందరూ అనుకుంటారు. అసలు కారణం ఆ ఆదివారానికి నెలల ముందే మొదలైంది.

గుల్ల సంగతి. అమావాస్యకీ పౌర్ణమికీ రొయ్య గుల్ల విడుస్తుందని మా రైతులు ఆ రోజుల్లో మేత తగ్గిస్తారు. గుల్ల విడిచిన రొయ్య మెత్తగా ఉంటుంది. కొత్త గుల్ల గట్టిపడాలంటే నీళ్లలో కాల్షియం కావాలి. మినరల్స్ చాలకపోతే లూజ్ షెల్ (గుల్ల గట్టిపడక వదులైపోవడం) వచ్చి సరుకు ధర పడిపోతుంది. మీ చెర్రీలకు కూడా మెడ దగ్గర తెల్లటి వలయం పడి, గుల్ల సగంలో ఇరుక్కుని చావడం చూసే ఉంటారు. నీళ్లు ఒక్కసారిగా మారిపోవడం ఒక కారణం, కాల్షియం చాలకపోవడం ఇంకో కారణం. మార్చినా మార్చకపోయినా జీహెచ్ (కాల్షియం, మెగ్నీషియం ఎంతుందో చూపే) కిట్టు కొనండి. టీడీఎస్ పెన్ను ఎంత కరిగిందో చెప్తుంది, ఏం కరిగిందో చెప్పదు.

రాతిగూడు

భీమవరం అన్నా, మీ పోస్టు కోసమే ఈ చర్చ మొదలుపెట్టినట్టుంది.

కేహెచ్ విషయంలో ఒక్క మాట. మీరు చెప్పిన పతనం మెత్తని నీళ్ల ట్యాంకులో వస్తుంది. మా బోరు కేహెచ్ 12, ట్యాంకులో 7 దగ్గర నిలబడింది. వాలిస్నేరియా బైకార్బనేటు నుంచి కూడా కార్బన్ తీసుకోగలదు కాబట్టి కేహెచ్ కొంత తగ్గుతుంది. ఆ తగ్గినదాన్ని వారానికి 40 లీటర్ల బోరు నీళ్లు పూడ్చేస్తాయి. జపాన్‌లోని నీగాతాలో మొక్కల ట్యాంకులకు పేరుపడ్డ తకాశీ అమానో తీర్చిన ట్యాంకుల నీళ్లు వేరు, దక్కన్ రాతి కింద నుంచి తోడిన నీళ్లు వేరు. ఆ పద్ధతిని అలాగే తెచ్చి ఇక్కడ పెట్టడం కుదరదనే అంటున్నాను. కొత్త ట్యాంకు మాట వేరు. మొదటి నెల ఆక్వా సాయిల్ (మొక్కల కోసం అడుగున పరిచే సారమున్న మట్టి) అమ్మోనియా వదులుతుంది, అప్పుడు పెద్ద మార్పులు చేయాల్సిందే, రొయ్యల్ని అసలు వేయకూడదు. నేను మాట్లాడేది కుదురుకున్న ట్యాంకు గురించి.

హరితజలం

కుదురుకున్న ట్యాంకే తీసుకుందాం. ఏప్రిల్లో నీళ్లు చల్లబడాలని పైన ఫ్యాను పెడతారు కదా? ఫ్యాను రెండు మూడు డిగ్రీలు దించుతుంది, ఆవిరి రూపంలో నీళ్లను తీసుకెళ్తుంది. రోజుకు 5 లీటర్లు పోయాయనుకుందాం. ఆవిరయ్యేది నీరు, ఉప్పు ట్యాంకులోనే ఉంటుంది. ఆ 5 లీటర్ల బదులు 800 టీడీఎస్ బోరు నీళ్లు పోస్తే రోజుకు 4 గ్రాముల ఉప్పు చేరుతుంది. 400 లీటర్లలో అది రోజుకు 10, వారానికి 70 టీడీఎస్. మీ పది శాతం పద్ధతిలో ఇలాగే సాగితే చివరికి 1400 దాటుతుంది. సగం మార్చే పద్ధతిలో 940 మించదు.

దీనికి జవాబు చెప్పండి. మీ ట్యాంకులో 350 ఎలా నిలిచిందో కూడా చెప్పండి.

రాతిగూడు

ఆవిరైనదాని బదులు ఎప్పుడూ ఆర్వో నీళ్లే పోస్తాను, బోరు కాదు. వాననీళ్లు దొరికే నెలల్లో అవే. వారం మార్పిడికి మంజీరా వచ్చిన రోజు డ్రమ్ములో పట్టి ఉంచుకుంటాను, అది లేనప్పుడే బోరు. 350 అలా నిలిచింది.

మిద్దెతోట (గుంటూరు)

ఆర్వో అన్నారు కాబట్టి అడుగుతున్నాను తమ్ముడూ, అది వదిలేసే నీళ్లు లెక్కేశావా? ఇంట్లో వాడే మిషన్లు లీటరు మంచినీళ్లిస్తే ఇంచుమించు మూడు లీటర్లు వదిలేస్తాయి. వారానికి 35 లీటర్ల ఆర్వో అంటే 105 లీటర్లు పైపు వెంట పోయాయి. దానికి నీ 40 కలిపితే మొత్తం 180. హరితజలం గారిది 200, ఆవిరికి పోసేది 35 కలిపితే 235. పది శాతమే మారుస్తున్నాం కాబట్టి నీళ్లు బాగా పొదుపని ధీమాగా అనడానికి లేదు.

మా ఇంట్లో ట్యాంకు నీళ్లు ఒక్క చుక్క మోరీలోకి పోదు. పైపు నేరుగా మిద్దె మీదికే. చేపల వ్యర్థం, నైట్రేటు ఉన్న నీళ్లు కదా, వంగ, టమాట, ఆకుకూరలు వాటితోనే పెంచుతున్నాను. తోట ఉన్నవాళ్లకు వారానికి 200 లీటర్లు వృథా కాదు, తోటకు ఎలాగూ పోసే నీళ్లే ముందు ట్యాంకు చూసి వస్తాయి. సీవోటూ ట్యాంకులో వేసే ఎరువు కూడా చివరికి కుండీలకే చేరుతుంది. అయితే ట్యాంకులో చేపల మందు వేసిన వారం ఆ నీళ్లు కూరగాయలకు పోయను.

కొత్తనీరు (కరీంనగర్)

అన్నా, అక్కా, నాదొక డౌటు. ఆర్వో ఎందుకు, ఏసీ నీళ్లు వట్టిగనే పోతున్నయ్ గదా. టీడీఎస్ పెన్ను పెడితే 20 జూపెడుతుంది. గవి పోస్తే ఏమైతది?

గట్టుమీద

వద్దు తమ్ముడూ. ఆ నీళ్లు చాలా ఏసీల్లో రాగి గొట్టాలు, అల్యూమినియం రేకుల మీద నుంచి కారి వస్తాయి. దుమ్ము, బూజు, సర్వీసింగుకు వచ్చినవాళ్లు కొట్టిన స్ప్రే అన్నీ అందులోనే. రాగి ఏమాత్రం కలిసినా రొయ్యకు విషమే, చేప తట్టుకున్న మోతాదు కూడా రొయ్య తట్టుకోదు. ఆ కొద్దిపాటి రాగి పెన్నులో విడిగా కనపడదు, నీకు 20 అనే చూపిస్తుంది. చేపల జబ్బులకు అమ్మే కొన్ని మందుల్లోనూ రాగి ఉంటుంది, రొయ్యలున్న ట్యాంకులో వేసేముందు సీసా మీద చదువు. వానలు పడ్డాక మొదటి రెండు మూడు వానలు వదిలేసి శుభ్రమైన డాబా మీద నీళ్లు పట్టుకో, అవి నయం.

హరితజలం

మిద్దెతోట అక్క లెక్క చూశాక నీటి పొదుపు పేరుతో ఎవరం ఎవరినీ తప్పుపట్టలేమనిపిస్తోంది. సీవోటూ, ఎరువులు ఉన్న ట్యాంకు విషయంలో మాత్రం నా మాట మారదు: సగం మార్చాలి. రాతిగూడు గారిలా ఎరువు అరకొరగా వేసి, ఆర్వోతో ఆవిరి పూడ్చి, కేహెచ్ జీహెచ్ రెండూ చూసుకునేవాళ్లకు పది శాతం నడుస్తుందని ఒప్పుకుంటాను. నా బెంగ వాళ్ల గురించి కాదు. ఈ చర్చ పైపైన చదివి "పది శాతం చాలట" అని బోరు నీళ్లు పోస్తూ ఏడాది గడిపేవాళ్ల గురించి.

రాతిగూడు

ఆ బెంగ నాకూ ఉంది. అందుకే శీర్షిక కింద ఈ మాట చేరుస్తున్నాను: పది శాతం అనేది ఆర్వో లేదా వాననీళ్లతో ఆవిరి పూడ్చేవాళ్లకు మాత్రమే.

రొయ్యల ముప్పు సంగతి మాత్రం వదలను. మీ కృష్ణా నీళ్లు ఏడాది పొడవునా ఒకేలా వస్తాయి కాబట్టి సగం మార్చినా గంతు లేదు. నీళ్లు వారానికో రకం వచ్చే ఇంట్లో సగం మార్చడం ప్రమాదమేనని ఇప్పటికీ అంటాను.

గట్టుమీద

నీళ్లు వారానికో రకం వచ్చే ఇంట్లో తప్పనిసరిగా ఎక్కువ మార్చాల్సి వస్తే ఒక దారి ఉందండి. ఒకేసారి గుమ్మరించకండి. డ్రమ్మును ట్యాంకు కంటే ఎత్తులో పెట్టి, సన్నపాటి ఎయిర్ ట్యూబు మీద చిన్న వాల్వు బిగించి, నాలుగైదు గంటల్లో దిగేలా వదలండి. ముందు టీడీఎస్, కేహెచ్ రెండూ చూసుకుని, తేడా ఎక్కువుంటే ఆ మొత్తాన్ని రెండు మూడు రోజులకు పంచండి. తెల్లవారుజామున మాత్రం మొదలుపెట్టకండి. రాత్రంతా మొక్కలు కూడా ఆక్సిజన్ పీల్చేస్తాయి, అప్పుడే అది అడుగంటి ఉంటుంది. 30 డిగ్రీల దగ్గర నీళ్లు పట్టి ఉంచగలిగేదే లీటరుకు 7.5 మిల్లీగ్రాములు. ఎండాకాలం రాత్రిళ్లు ఎయిర్ స్టోన్ వేసి ఉంచి, లైటు వెలిగిన రెండు మూడు గంటల తర్వాత డ్రమ్ము వదలండి.