ప్రయాణాల్లో ల్యాప్‌టాప్‌కి చిన్న వైర్‌లెస్ మౌస్: డాంగిల్‌దా, బ్లూటూత్‌దా?

మూడోబటన్:
ల్యాప్‌టాప్‌కి రెండే టైప్-సి పోర్టులు. వాడకం ఎక్కువగా ఎక్సెల్, కాస్త ఫొటోల పని. సీటు ముందు బల్ల మీదా, గాజు బల్ల మీదా నడవాలి. ఏ రకం తీసుకోమంటారు?

కీబోర్డుకాకి:
బ్లూటూతే. ఒక పోర్టు ఛార్జర్‌కి పోతే మిగిలిన ఒక్కటీ డాంగిల్‌కి (మౌస్ సిగ్నల్ అందుకునే చిన్న యూఎస్‌బీ ముక్క) ఇవ్వడం దండగ. పైగా చాలా డాంగిళ్లు ఇంకా టైప్-ఎ, అంటే పాత వెడల్పాటి యూఎస్‌బీ. కన్వర్టర్ తగిలిస్తే పక్కకి పొడుచుకొస్తుంది, బ్యాగులో దూర్చేటప్పుడు దెబ్బ తినేది పోర్టే. కుదిరితే రెండూ ఉన్న మౌస్ చూడండి. బయోస్‌లోకి (విండోస్ మొదలవకముందు వచ్చే సెట్టింగుల తెర) వెళ్లినప్పుడు బ్లూటూత్ మౌస్ సాధారణంగా కదలదు, డాంగిల్‌ది కదులుతుంది.

రాత్రిబండి:
బ్లూటూత్ అనగానే అందరూ చెప్పే ఫిర్యాదు, కాసేపు వదిలేసి ముట్టుకుంటే బాణం గుర్తు అతుక్కుపోయినట్టు ఆగడం. మౌస్ నిద్ర నుంచి లేవడానికి పట్టే క్షణం మామూలే, దానికి మందు లేదు. పని మధ్యలో కూడా ఆగుతుంటే మాత్రం ల్యాప్‌టాప్ వైపు చూడండి. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, బ్లూటూత్ అడాప్టర్ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌కి వెళ్లి, కరెంటు ఆదా కోసం అడాప్టర్‌ని ఆపేయనిచ్చే టిక్కు తీసేయండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఆ ట్యాబ్ కనపడదు, అక్కడ డ్రైవర్ అప్‌డేటే దారి.

డాంగిల్‌కీ తన తిప్పలు తనకున్నాయి. పక్క పోర్టులో యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ పెడితే మౌస్ గెంతులేస్తుంది. యూఎస్‌బీ 3 వెలువరించే రేడియో రొద, డాంగిల్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ దాకా పాకడమే కారణం. దీనిమీద ఇంటెల్ 2012లోనే పత్రం వేసింది. డాంగిల్‌ని అవతలి వైపు పోర్టుకి మార్చినా, జానెడు ఎక్స్‌టెన్షన్ వైరుతో దూరం జరిపినా సర్దుకుంటుంది.

దుమ్ముసెన్సార్:
గాజు బల్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆప్టికల్ సెన్సార్ కింది ఉపరితలాన్ని వరసగా ఫొటోలు తీసి, గరుకు ఎటు జరిగిందో లెక్కగడుతుంది. శుభ్రమైన గాజు మీద పట్టుకోడానికి గరుకే ఉండదు. లాజిటెక్ డార్క్‌ఫీల్డ్ సెన్సార్ ఉన్నవి గాజు మీద నడుస్తాయి, అదీ గాజు మందం కనీసం 4 మిల్లీమీటర్లుంటేనే. దానికోసమే ఎక్కువ డబ్బు పెట్టాలా? ఏ4 కాగితం ఒకటి పరిస్తే మామూలు మౌసూ నడుస్తుంది.

మూడోబటన్:
కాగితం బాగుంది. మరి బ్యాటరీ మార్చేదా, ఛార్జింగ్‌దా?

కీబోర్డుకాకి:
ఛార్జింగ్‌దైతే పోర్టు ముందువైపు ఉందో లేదో చూడండి. యాపిల్ మ్యాజిక్ మౌస్‌కి అది అడుగున ఉంటుంది, ఛార్జ్ అవుతున్నంతసేపూ వాడలేరు.

రాత్రిబండి:
నా ఓటు ఏఏ సెల్‌కి. ఎక్కడైనా దొరుకుతుంది. బరువు తగ్గాలంటే లిథియం ఏఏ వేయండి: ఆల్కలైన్ సుమారు 23 గ్రాములైతే ఇది 15. రీఛార్జబుల్ నికెల్ సెల్ 1.2 వోల్టులే ఇస్తుంది కాబట్టి నిండుగా ఉన్నా మీటర్ తక్కువ చూపించవచ్చు, కంగారు పడకండి. వాడని నెలల్లో ఆల్కలైన్ సెల్ తీసేయండి, కారితే స్ప్రింగు తుప్పు పడుతుంది. బ్యాగులో పెట్టేముందు అడుగున స్విచ్ ఆపడం సరేసరి.

దుమ్ముసెన్సార్:
డాంగిల్ దాచే గూడు మౌస్ లోపల ఉందో లేదో కూడా చూసుకోండి. చౌక రకాలు ఫ్యాక్టరీలో జత చేసిన డాంగిల్‌తోనే పనిచేస్తాయి, అది పోతే మౌసూ పోయినట్టే. లాజిటెక్‌లో విడిగా కొని జత చేసుకోవచ్చు గానీ, వాళ్ల డాంగిళ్లలో యూనిఫయింగ్, బోల్ట్ అని వేర్వేరు రకాలున్నాయి, యూనిఫయింగ్ మౌస్‌కి బోల్ట్ డాంగిల్ కలవదు.

ఎక్సెల్ అన్నారు కాబట్టి ఇంకొకటి: చక్రం బదులు టచ్ పట్టీ ఉన్న పలచటి మౌసుల జోలికి పోవద్దు. వేలు కాస్త జారితే యాభై వరసలు దాటేస్తుంది. అడ్డంగా జరపడానికి ప్రత్యేక చక్రం అక్కర్లేదు, కొత్త ఎక్సెల్‌లో కంట్రోల్, షిఫ్ట్ కలిపి నొక్కి మామూలు చక్రం తిప్పితే చాలు.