డిష్ శాశ్వత బిగింపు: పైపు ఎక్కడ నిలపాలి, కన్నం ఎక్కడ పెట్టాలి, ఎర్తింగ్ ఎలా?

ఆకాశదీపం:
మా మూడంతస్తుల భవనం పైకప్పు మీద ఉపగ్రహ ఇంటర్నెట్ డిష్ ఎనిమిది నెలలుగా తనతో వచ్చిన చిన్న కాళ్ల మీదే నిలబడి ఉంది. చుట్టూ నాలుగు ఇటుకలు పేర్చాను. మొన్నటి గాలివానకు అది ఇటుకలతో సహా దొర్లి, పిట్టగోడ అంచున కేబుల్ పట్టుకుని వేలాడింది. అదృష్టం కొద్దీ పగల్లేదు. ఇక శాశ్వతంగా బిగించదలచాను. మెట్లగది కప్పు మీద నిలపడమా, పిట్టగోడకు పైపు వేయడమా అన్నది నా మొదటి సందేహం. కేబుల్‌ను రెండంతస్తులు కిందికి దించి గోడలోంచి లోపలికి తేవడం ఎలా, ఎర్తింగ్ తప్పనిసరా, కరెంటు పోతే బ్యాటరీ మీద ఎంతసేపు నడుస్తుంది, పైకప్పు నాలుగు కుటుంబాల ఉమ్మడి ఆస్తి కనుక మిగతావారితో ముందుగా ఏం మాట్లాడుకోవాలి అన్నవి మిగిలినవి. చేసి చూసినవారు చెప్పగలరని మనవి.

కారినశ్లాబు:
మిగతా ప్రశ్నల సంగతి తరువాత చూద్దాం, శ్లాబుకు మాత్రం డ్రిల్లు తగలనివ్వకండి. నేను మెట్లగది కప్పు మీద ఇనుప పలక పెట్టించి, నాలుగు యాంకర్ బోల్టులు దిగగొట్టించి, చుట్టూ సిలికాన్ పూయించి, పని ముగిసిందని సంతోషించాను. మొదటి వానాకాలం ఏమీ కాలేదు. రెండో వానాకాలంలో మెట్లగది లోపలి కప్పు మీద అరచేయంత మచ్చ తేలింది, నెల తిరిగేసరికి పెచ్చు ఊడి కింద మెట్టు మీద పడింది. పైకెక్కి చూస్తే సిలికాన్ ఎండకు ఎండి, గోటితో లాగగానే రిబ్బను ముక్కలా మొత్తం ఊడి వచ్చేసింది. డిష్ గాలికి ఊగిన ప్రతిసారీ బోల్టు వెంట్రుకవాసి కదులుతుంది, ఆ కదలికను ఏ జిగురూ ఏళ్ల తరబడి పట్టి ఉంచలేదు. పైగా వాటర్‌ప్రూఫింగ్ పొరను ఒకచోట చీల్చితే నీరు అక్కడే కారదు, పొర కింద పాకుతూ పోయి మరెక్కడో బయటపడుతుంది. నిలువు గోడకు బిగించుకోండి. నిలువు గోడ మీద నీరు నిలవదు.

కొలబద్ద:
ఇరవై రెండేళ్లుగా టవర్లెక్కి యాంటెన్నాలు బిగిస్తున్నవాడిగా చెబుతున్నాను, ఇక్కడ అందరూ నీటిని గురించి భయపడుతున్నారు గానీ గాలిని లెక్క కట్టినవారు ఒక్కరూ లేరు. ఉపగ్రహ ఇంటర్నెట్ సేవ స్టార్‌లింక్ వారి తాజా స్టాండర్డ్ డిష్ గిన్నెలా ఉండదు, చదునైన పలక; అది సుమారు 59 సెంటీమీటర్ల పొడవు, 38 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది, బరువు మూడు కిలోలు దాటదు. చేతితో ఎత్తి చూసినవారికి దీనికి ఇంత ఆర్భాటమెందుకు అనిపిస్తుంది. గంటకు 180 కిలోమీటర్ల గాలి ఆ పలకకు ఎదురుగా తగిలితే దాని మీద పడే తోపు నలభై కిలోల బరువుకు పైమాటే. పైపును గోడకు పట్టి ఉంచేవి కిందొకటి, పైనొకటి రెండు క్లాంపులు. ఇప్పుడు ఆ పలకను పై క్లాంపుకు రెండు మీటర్ల ఎత్తున పైపు కొసన పెట్టి, రెండు క్లాంపులనూ అరవై సెంటీమీటర్ల దూరంలో బిగించారనుకోండి. కింది క్లాంపు మీద సుమారు 140 కిలోల బలం, పై క్లాంపు మీద 180 కిలోలకు మించిన బలం పడుతుంది. అదే పైపును మీటరుకు తగ్గించి, క్లాంపుల మధ్య దూరం ఎనభై సెంటీమీటర్లకు పెంచితే పై క్లాంపు మీద వంద కిలోల లోపే పడుతుంది. గాలి వేగం రెట్టింపైతే బలం నాలుగింతలవుతుందన్నది కూడా మరువకండి. గోడ బోలు ఇటుకదైతే మామూలు యాంకర్ బోల్టు ఆ లాగుడుకు నిలవదు, గోడకు ఆవలివైపు ఇనుప పలక వేసి బోల్టును ఆరపార దూర్చి నట్టు బిగించాలి.

చెట్టునీడ:
ఎత్తు తగ్గించమనడం తేలికే. మా ఇంటి పక్కన చెట్టు ఉంది. పైపు మీటరే పెట్టించాను, యాప్‌లో ఆకాశాన్ని స్కాన్ చేస్తే అడ్డంకి ఏమీ లేదని వచ్చింది. ఏడాదిన్నర తిరిగేసరికి కొమ్మ ఒకటి ఆ దారిలోకి పెరిగింది. వీడియో కాల్‌లో నిమిషానికోసారి ఎదుటివారి ముఖం నోరు తెరిచినట్టే నిలిచిపోవడం, రెండు మూడు సెకన్లకు మళ్లీ కదలడం మొదలైంది. ఈ ఉపగ్రహాలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున పరుగెడుతూ ఉంటాయి, పలక ఒకదాని నుంచి మరొకదానికి మారుతూనే ఉంటుంది, దానికి 110 డిగ్రీల మేర తెరిచిన ఆకాశం కావాలి. అందువల్ల ఒక్క కొమ్మ అడ్డొస్తే సేవ పూర్తిగా ఆగదు, తునకలు తునకలుగా తెగుతుంది. కారణం కనిపెట్టడానికే నాకు రెండు నెలలు పట్టింది, ఈలోగా రౌటరును అనవసరంగా తిట్టుకున్నాను. శాశ్వతం అంటున్నారు కనుక ఈనాటి చెట్టును కాక, ఐదేళ్ల తరువాతి చెట్టును చూసి చోటు ఎంచుకోండి.

పాతకాపు:
పాత టీవీ డిష్ స్టాండు ఉంటే దానికే బిగించుకోవచ్చు, కొత్త పైపు ఖర్చు దండగ. ఇక ఎర్తింగ్ అన్నారు. చాలా సులభం. పైపు నుంచి రాగి తీగ కిందికి దించి, ఇంటి ఎర్తింగ్‌కు తగలకుండా దూరంగా వేరే గుంట తవ్వి, కడ్డీ పాతి, ఉప్పు, బొగ్గు వేసి కలిపేయండి. పిడుగు దారి పిడుగుది, ఇంటి దారి ఇంటిది. నేను పన్నెండేళ్లుగా అలాగే ఉంచాను.

మెరుపుతీగ:
పాతకాపు గారూ, మీరు చెప్పినది ఈ చర్చలో ఇంతవరకు వచ్చిన సలహాలన్నిటిలోకీ ప్రమాదకరమైనది. దయచేసి ఎవరూ అలా చేయవద్దు. వేరే కడ్డీ పాతడం తప్పు కాదు, పాతి దానిని ఇంటి ప్రధాన ఎర్తింగ్‌తో కలపకుండా వదిలేయడం తప్పు. పది ఓంల నిరోధం ఉన్న గుంటలోకి పదివేల ఆంపియర్ల పిడుగు విద్యుత్తు దిగితే, ఆ క్షణంలో ఆ కడ్డీ, దానితోపాటు మీ పైపు, మీ డిష్ చట్రం దూరపు నేలతో పోలిస్తే లక్ష వోల్టుల మీద ఉంటాయి. ఇంటి ఎర్తింగ్ మాత్రం తన పాత స్థితిలోనే ఉంటుంది. ఈ రెంటినీ కలుపుతూ మీ ఇంట్లో ఉన్న ఏకైక వంతెన డిష్ నుంచి రౌటరుకు వచ్చిన కేబుల్, రౌటరు నుంచి గోడ ప్లగ్గుకు వెళ్లిన తీగ. పిడుగు ఆ వంతెన మీదుగానే నడుస్తుంది. రెండు కడ్డీలనూ మందపాటి తీగతో కలిపితే అన్నీ ఒకేసారి పైకి లేస్తాయి, ఒకేసారి దిగుతాయి, మధ్యలో తేడా తక్కువగా ఉంటుంది కనుక పరికరాలు బతుకుతాయి.

పాతకాపు:
పన్నెండేళ్లు అన్నాను, మీరు చదవలేదేమో. పుస్తకంలో లక్ష వోల్టులు రాసుకోవడం వేరు, మేడెక్కి పని చేయడం వేరు.

మెరుపుతీగ:
చదివాను. మీ భవనం మీద పన్నెండేళ్లుగా పిడుగు పడలేదని మాత్రమే అది చెబుతుంది. గొడుగు లేకుండా తడవని మనిషి, ఆ రోజు వాన రాలేదని ఒప్పుకోవాలి గదా.

కొలబద్ద:
మెరుపుతీగ గారు చెప్పినది సరైనదే, అయితే అసంపూర్ణం. తీగ మందం చెప్పకుండా కలపమంటే జనం చేతికందిన సన్న తీగతో కలుపుతారు. యాంటెన్నా స్తంభాలను కలపడానికి అంతర్జాతీయ ప్రమాణాల్లో రాగి తీగకు కనీసం 16 చదరపు మిల్లీమీటర్లని ఉంది. వంపులు లేకుండా, వీలైనంత నేరుగా, పొట్టి దారిలో దింపాలి. పిట్టగోడ దగ్గర చుట్టలు చుట్టి టేపు వేసి వదిలేసిన తీగను నేను ఎన్ని మేడల మీద చూశానో లెక్క లేదు. మీలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

మెరుపుతీగ:
నాకు తెలుసు. మీరు రాసే లోపు నేను రాయలేదు, అంతే. భవనానికి ముందే పిడుగు కడ్డీ ఉంటే డిష్‌ను దాని రక్షణ పరిధిలోకి వచ్చేలా కిందికి నిలపాలన్న సంగతి మీరు రాయలేదు కనుక, అది మీకు తెలియదని నేను అనుకోవడం లేదు.

పాతకాపు:
ఇద్దరూ తెలిసినవారే. మరి అంత చేస్తే నేరుగా పిడుగు డిష్ మీద పడినా అది బతుకుతుందని హామీ ఇస్తారా?

మెరుపుతీగ:
ఇవ్వను. నేరుగా పడితే డిష్ పోతుంది. ఎర్తింగ్ ఉన్నది డిష్ కోసం కాదు, కింది గదిలో ఉన్న మనుషుల కోసం, చుట్టుపక్కల పడిన పిడుగులకు మిగతా పరికరాలు మాడిపోకుండా ఉండడం కోసం.

దూరదర్శి:
పాత టీవీ డిష్ స్టాండు మాట మీద ఎవరూ అభ్యంతరం చెప్పకపోవడం ఆశ్చర్యంగా ఉంది. ఆ స్టాండు భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో కదలకుండా కనిపించే ఒకే ఒక ఉపగ్రహం వైపు చూడడానికి పెట్టినది. దానికి ఆ ఒక్క దిక్కు ఖాళీగా ఉంటే చాలు, అందుకే గోడ వారగా, సన్ షేడు కింద కూడా పని చేసేది. తక్కువ ఎత్తు ఉపగ్రహాల పలకను తెచ్చి అక్కడే తగిలిస్తే సగం ఆకాశాన్ని గోడ మింగేస్తుంది. మాకు ఇప్పటికీ ఆ పాత తరహా దూరపు ఉపగ్రహం ఇంటర్నెట్టే ఉంది. సంకేతం ఎక్కి దిగి, జవాబు మళ్లీ ఎక్కి దిగడానికే అర సెకను దగ్గరగా పోతుంది. మార్చిలో, మళ్లీ సెప్టెంబరు అక్టోబరు నడుమ సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనకకు వచ్చినప్పుడు కొన్ని రోజులపాటు రోజుకు కొద్ది నిమిషాలు సేవ ఆగిపోతుంది. మొదటి ఏడాది అది తెలియక డిష్ కదిలిపోయిందని మేడెక్కి మరలన్నీ విప్పాను, ఆ తరువాత తిరిగి గురి కుదర్చడానికి రెండు రోజులు పట్టింది.

చెట్టునీడ:
మాకు సూర్యుడితో గొడవ లేదు గానీ పావురాలతో ఉంది. పలక వెచ్చగా ఉంటుందని వచ్చి దాని మీదే కూర్చుంటున్నాయి.

ఆకాశదీపం:
అందరికీ కృతజ్ఞతలు. పిట్టగోడకు, మీటరు పైపు, దూరంగా బిగించిన క్లాంపులు, ప్రధాన ఎర్తింగ్‌తో కలిపిన తీగ అన్నంతవరకు నాకు స్పష్టమైంది. అయితే గోడ కన్నం గురించీ, బ్యాటరీ గురించీ, ఉమ్మడి పైకప్పు గురించీ ఒక్కరూ చెప్పలేదు.

కారినశ్లాబు:
కన్నం సంగతి చెబుతాను, ఆ పాఠానికీ నేను రుసుము కట్టినవాణ్ణే. ముందు కేబుల్ కొసనున్న ప్లగ్గును కొలవండి, కేబుల్‌ను కాదు. నేను కేబుల్ మందం చూసి కన్నం వేయించాను, ప్లగ్గు దూరక కేబుల్‌ను కోసి మళ్లీ అతికించాను. అదే కేబుల్‌లో డిష్‌కు కరెంటు కూడా వెళుతుంది కనుక ఆ అతుకు దగ్గర తడి చేరి, నాలుగు నెలల్లో పచ్చగా చిలుం పట్టి, వాన పడినప్పుడల్లా డిష్ దానంతట అదే ఆగి మొదలయ్యేది. కన్నాన్ని లోపలి నుంచి బయటికి వాలుగా వేయించండి, బయటి కొస ఒక సెంటీమీటరైనా కిందికి ఉండాలి. కేబుల్ పైనుంచి నేరుగా కన్నంలోకి దిగకూడదు. కన్నం కంటే కిందికి జారి, వంపు తిరిగి, మళ్లీ పైకి వచ్చి లోపలికి వెళ్లాలి. అప్పుడు కేబుల్ వెంట పాకే నీటిబొట్టు ఆ వంపు అడుగున రాలిపోతుంది. ఇంకొక మాట, తెల్లని మామూలు ఇండోర్ కేబుల్‌ను పొరపాటున కూడా మేడ మీద పరవకండి, రెండు వేసవులకు దాని తొడుగు బిస్కెట్టులా విరుగుతుంది.

రాత్రిదీపం:
బ్యాటరీ గురించి నేను చెప్పగలను, ఎందుకంటే మాకు కరెంటు ఉండడమే వార్త. స్టాండర్డ్ పలక సగటున 75 నుంచి 100 వాట్ల వరకు తీసుకుంటుంది. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్-అవర్లు ఉంటాయి. అది లెడ్ యాసిడ్ రకమైతే సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా చస్తుంది కనుక మిగిలేది 900. ఇన్వర్టరు తినేది తీసేస్తే ఎనిమిది గంటలు, మహా అయితే తొమ్మిది. ఫ్యాను కూడా అదే ఇన్వర్టరు మీద ఉంటే ఈ లెక్క మరచిపోండి. ఇన్వర్టరు బ్యాటరీకి మారే ఆ రెప్పపాటులో డిష్ ఆరిపోతే, మళ్లీ లేచి ఉపగ్రహాలను వెతుక్కోవడానికి నిమిషాలు పడుతుంది. మారేటప్పుడు రౌటరు దీపం ఆరుతోందో లేదో ఒకసారి మెయిన్ స్విచ్చు తీసి చూసుకోండి.

పాతకాపు:
ఉమ్మడి పైకప్పు గురించి నేనే చెబుతాను, దీనిలోనైనా నన్ను ఎవరూ సరిదిద్దకపోతే సంతోషం. నోటిమాట ఒప్పందం పెట్టుకోకండి. ఎక్కడ బిగిస్తున్నారో గీసి చూపించి, ఆ చోట తేమ వస్తే బాగుచేయించే బాధ్యత మీదేనని, పైకప్పుకు మళ్లీ వాటర్‌ప్రూఫింగ్ చేయించేటప్పుడు పైపు విప్పుతారని రాసి నలుగురి సంతకాలు తీసుకోండి. పని మొదలుపెట్టకముందే గోడ ఫొటోలు తీసి ఉంచుకోండి. మాకు పదేళ్ల కిందటి పగులు కూడా డిష్ ఖాతాలోనే పడింది.

మెరుపుతీగ:
ఈ సలహా అక్షరాలా సరైనది.

ఆకాశదీపం:
మూడు వారాల తరువాత రాస్తున్నాను. సంతకాలు తీసుకోవడానికి పైపు బిగించడం కంటే ఎక్కువ రోజులు పట్టింది, పై అంతస్తువారు రెండు కొత్త షరతులు చేర్చారు. పిట్టగోడ లోపలివైపు గాల్వనైజ్డ్ పైపు, ఆరపార బోల్టులు, వెనక పలకలు వేయించాను. 16 చదరపు మిల్లీమీటర్ల తీగ నేరుగా మీటరు బోర్డు దగ్గరి ఎర్తింగ్‌కు దిగింది. ప్లగ్గు కొలిచి కన్నం వేయించాను, ఒక్కసారికే దూరింది. నిన్న సాయంత్రం గాలి వీచినప్పుడు పైపు మీద చేయి వేసి చూశాను, చిన్నగా గుయ్యిమంటోంది గానీ కదలడం లేదు.

కొలబద్ద:
క్లాంపుల మధ్య దూరం ఎంత పెట్టారు?

ఆకాశదీపం:
డెబ్బై రెండు సెంటీమీటర్లు. పిట్టగోడ అంతకు మించి ఇవ్వలేదు.

కొలబద్ద:
అయితే పైపును పైనుంచి పది సెంటీమీటర్లు కోసేయండి, సరిపోతుంది. కోసిన చోట జింకు పెయింటు వేయడం మరువకండి, తుప్పు అక్కడే మొదలవుతుంది.