"యెవని సామర్థ్యము చొప్పున": మత్తయి 25:15

ప్రశ్న: అందరికీ వందనాలు. మనం సంఘంలో తలాంతులంటే పాడటం, వాయించడం, బోధించడం అనే అనుకుంటాం కదా. మరి 15వ వచనంలో తలాంతులను "యెవని సామర్థ్యము చొప్పున" ఇచ్చాడని ఉంది. తలాంతే సామర్థ్యమైతే, సామర్థ్యాన్ని బట్టి సామర్థ్యం ఇవ్వడమేంటి?

జవాబు: వందనాలు సిస్టర్, మంచి చోట పట్టుకున్నారు. ఆ ఉపమానంలో యజమాని దూరదేశం వెళ్తూ ముగ్గురు దాసులకు ఐదు, రెండు, ఒకటి చొప్పున తలాంతులు అప్పగిస్తాడు, మొదటి ఇద్దరూ వాటిని రెట్టింపు చేస్తారు, మూడోవాడు తనది భూమిలో దాచేస్తాడు. అక్కడ తలాంతు అచ్చంగా డబ్బే. ఒక తలాంతు అంటే దాదాపు 6,000 దేనారాలు (అప్పటి రోమా వెండి నాణేలు). మత్తయి 20లో ద్రాక్షతోట కూలివాడికి రోజుకి ఒక దేనారమే ఇచ్చారు, ఆ లెక్కన ఒక్క తలాంతు వాడి ఇరవై ఏళ్ల సంపాదన, కాబట్టి "నాకు ఒక్కటే ఇచ్చాడు" అని చిన్నబుచ్చుకోవాల్సిన పనే లేదు. సామర్థ్యం దాసుడిలో ముందే ఉంది, తలాంతు మాత్రం యజమాని సొత్తు. 14వ వచనంలో "తన ఆస్తిని వారికప్పగించినట్లు" అన్నాడు చూడండి, రాసిచ్చేశాడని అనలేదు. నన్నడిగితే అసలు విషయం ఇదే. గొంతు బాగుండటం వరమే, కాదనను, కానీ ఆదివారం ఆరాధనలో మైకు చేతికిచ్చారంటే అది అప్పగింత, ప్రాక్టీసుకి ఒక్కరోజూ రాకుండా నేరుగా వచ్చి పాడేసి వెళ్లిపోతే అప్పగించినదాన్ని తేలిగ్గా తీసుకున్నట్టే. కానుకలు చిల్లరతో సహా రెండోసారి లెక్కపెట్టి, రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టేవాళ్లు ఉంటారు, వాళ్ల గురించి ఎవరూ సాక్ష్యం చెప్పరు, వాళ్లదీ తలాంతే. 1 పేతురు 4:10 "మంచి గృహనిర్వాహకులైయుండి" అనేది ఇద్దరినీ కలిపే.

ఇంకొకరు: బ్రదర్, మూడోవాడు పోగొట్టలేదు కదా, ఉన్నదున్నట్టు తిరిగిచ్చేశాడు. వాడిని బయటి చీకటిలోకి తోసేసేంత శిక్ష ఎందుకు?

జవాబు: 24, 25 వచనాలు కలిపి చదవండి. యజమాని కఠినుడని వాడు ముందే తేల్చేసుకున్నాడు, "భయపడి" భూమిలో దాచాడు. 27లో యజమాని రెట్టింపు కూడా అడగలేదు, సాహుకారుల దగ్గర పెట్టినా వడ్డీ వచ్చేదన్నాడు, అంత చిన్న పని కూడా చెయ్యలేదనే కోపం. 21, 23 పక్కపక్కన పెట్టి చూడండి, ఐదు సంపాదించినవాడికీ రెండు సంపాదించినవాడికీ మెప్పు ఒకటే, మాట తేడా లేదు. అందుకే పెద్ద పెద్ద ప్రసంగీకులతో పోల్చుకుని వెనక బెంచీలో ఉండిపోయేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. వాళ్లను సోమరులనే ముందు ఆ భయం ఎక్కడ మొదలైందో అడగాలి, మొదటిసారి ప్రార్థన చేస్తూ తడబడినప్పుడు నవ్వింది మనమే అయ్యుండొచ్చు.

ప్రశ్న అడిగినవారు: 21, 23 చూశాను, నిజంగా మాట కూడా మారలేదు! లూకా 19లో మినాల (అదీ ఒక డబ్బు లెక్కే కదా) కథ కూడా ఇదేనా అన్నయ్యా?

జవాబు: దగ్గరిదే కానీ వేరు. అక్కడ పదిమంది దాసులకూ తలా ఒక మినా, అందరికీ సమానం, బహుమానాలే వేరు వేరు, ఒకడికి పది పట్టణాలు, ఇంకొకడికి ఐదు. రెండూ కలిపి బోధిస్తే మీరడిగిన "చొప్పున" కనబడకుండా పోతుంది, విడివిడిగానే చదవండి.