అప్‌డేట్: ఉత్పలమాలలో యతి, ప్రాస దోషం దొరికింది

నా ఉత్పలమాల పద్యం రెండో పాదంలో పదో అక్షరం హల్లు సరిపోయినా యతి (పాదం మొదటి అక్షరంతో పదో అక్షరం కలవడం) ఎందుకు తప్పిందని ఇంతకుముందు అడిగాను. పాదం ‘కుందము’తో మొదలైంది, యతిస్థానంలో ‘కీర్తిని’ పెట్టాను. హల్లు ఒకటే, అచ్చు కుదరలేదు. ఉ, ఊ, ఒ, ఓ ఒక జట్టు. ‘కీ’లోని ‘ఈ’ది వేరే జట్టు. ‘గోముగ’ వేస్తే సరిపోయింది, క-గ ఒకే వర్గం కాబట్టి. గణం (గురులఘువుల వరుస) కూడా చెడలేదు.

అసలు పెద్ద తప్పు ప్రాసలో (అన్ని పాదాల్లో రెండో అక్షరం కలవడం) బయటపడింది. మొదటి పాదం ‘చందన’, మూడోది ‘మోదము’. రెండో అక్షరం రెండింట్లోనూ ‘ద’యే, కానీ దానిముందు సున్న ఉంటే నాలుగు పాదాల్లోనూ ఉండాల్సిందే! ‘మందిర’ అని మార్చాను. ‘ద’కు గుడి (ఇ గుర్తు) వచ్చిందని కంగారొద్దు, ప్రాసకు అచ్చు కలవనక్కర్లేదు.

సంధి జరిగినచోట మాత్రం జాగ్రత్త: ‘వాడెవడు’ (వాడు + ఎవడు)లో ‘డె’ యతిస్థానంలో పడితే చూడాల్సింది ‘ఎ’ని.