"తెల్లవాళ్లు ఖార్కోవ్‌ను పట్టుకున్నారు": ఇందులో తెల్లవాళ్లు ఎవరు?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. పిల్లల చరిత్ర పుస్తకం ఒకటి ప్రూఫులు దిద్దుతున్నాను. రష్యా విప్లవం తర్వాతి యుద్ధం గురించిన అధ్యాయంలో ఈ వాక్యం ఉంది: "1919 జూన్‌లో తెల్లవాళ్లు ఖార్కోవ్‌ను పట్టుకున్నారు." ఖార్కోవ్ అంటే ఉక్రెయిన్‌లోని నగరం. పక్కన కూర్చున్న మా నాన్నగారికి చదివి వినిపిస్తే, "రష్యాను కూడా ఇంగ్లిషువాళ్లు ఏలారా?" అని అడిగారు. నవ్వు వచ్చింది కానీ తప్పు ఆయనది కాదు. తెల్లవాడు అనగానే మన ఇళ్లలో కళ్ల ముందు నిలిచేది టోపీ పెట్టుకున్న కలెక్టరు దొరే. దీన్ని ఎలా మార్చాలి? శ్వేతులు అనవచ్చా?

పనిలో పనిగా ఇంకో సందేహం. అదే పుస్తకంలో ఒకచోట అంతర్యుద్ధం అనీ, ఇంకోచోట పౌరయుద్ధం అనీ ఉంది. ఏది ఉంచాలి?

జవాబు:

రెండోది సులువు, ముందు అది తేల్చేద్దాం. అంతర్యుద్ధం ఉంచండి, ధ ఒత్తు పోకుండా చూసుకోండి.

పౌరయుద్ధం అనే మాట ఇంగ్లిషుకు మక్కికి మక్కి అని తీసిపారేస్తారు గానీ, రష్యన్ వాళ్లు అనేదీ అదే. గ్రఝ్దాన్‌స్కయ వొయ్‌నా అంటారు. గ్రఝ్దనీన్ అంటే పౌరుడు. మనకు పురం నుంచి పౌరుడు వచ్చినట్టే వాళ్లకు గ్రాద్ నుంచి గ్రఝ్దనీన్ వచ్చాడు. పెత్రోగ్రాద్, వోల్గోగ్రాద్ పేర్లలో ఉన్న గ్రాద్ ఇదే, అర్థం నగరం. కనక పౌరయుద్ధం వ్యుత్పత్తి ప్రకారం అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. అయినా వద్దంటాను. ఇవాళ్టి తెలుగులో పౌర అంటే సైన్యానికి సంబంధం లేనిది: పౌర సరఫరాలు, పౌర విమానయానం. పౌరయుద్ధం అంటే నా చెవికి రేషను డీలర్లు తిరగబడినట్టు వినిపిస్తుంది. హిందీవాళ్లు గృహయుద్ధ్ అని ఇంటికి తెచ్చుకున్నారు, తమిళులు ఉళ్‌నాట్టుప్ పోర్ అన్నారు. మనం "లోపల" అనే భావం తీసుకున్నాం. బాగానే ఉంది.

ఒక చిన్న విశేషం. రాకుమారులు తమలో తాము కొట్టుకుచావడానికి రష్యన్‌లో వేరే పాత మాట ఉంది, మెఝ్దవుసోబిత్స. మన పల్నాటి దాయాదుల పోరు ఆ కోవలోది. విప్లవం తర్వాత జరిగినదానికి ఆ మాట వాడలేదు. లెనిన్ 1914లోనే, ప్రపంచయుద్ధం మొదలైన కొత్తలోనే, సామ్రాజ్యవాద యుద్ధాన్ని అంతర్యుద్ధంగా మార్చాలని పిలుపునిచ్చాడు. యుద్ధం కన్నా పేరే ముందు వచ్చిందన్నమాట.

మరో సభ్యుడు:

ఇక తెలుపు సంగతి. వాళ్లు ఒంటి మీద తెల్లబట్ట కట్టుకుని తిరిగినవాళ్లు కాదు. ఫ్రెంచి విప్లవ కాలంలో రాజపక్షం వాళ్ల రంగు తెలుపు. ఆ వాసన తగిలించి లెనిన్ పార్టీవాళ్లయిన బోల్షెవిక్కులు తమ శత్రువులందరినీ ఒకే మూటగట్టి బెలీయె, అంటే తెల్లవాళ్లు, అన్నారు. దక్షిణాన దెనీకిన్ అనే సేనాని నడిపిన సైన్యానికి దాని సొంత పేరు స్వచ్ఛంద సైన్యం. అందులో జారు, అంటే రష్యా చక్రవర్తి, కావాలనేవాళ్లూ ఉన్నారు, జారు వద్దు గానీ బోల్షెవిక్కులు అసలే వద్దు అనేవాళ్లూ ఉన్నారు.

మరి పోరులో ఎదురుపడితే ఎవరెవరో ఎలా తెలిసేది? ఇద్దరి మీదా జారు సైన్యం వదిలిన పాత కోట్లే. చూడవలసింది భుజాలు. తెల్లపక్షం అధికారులు జరీ అల్లిన భుజపట్టీలు ఉంచుకున్నారు, బోల్షెవిక్కుల ఎర్రసైన్యం వాటిని పీకేసింది. అందుకే జొలొతొపగోన్నికి, అంటే బంగారు పట్టీలవాళ్లు, అనే తిట్టు పుట్టింది. కంటికి కనిపించిన రంగు పసిడి, పేరులో నిలిచిన రంగు తెలుపు. ఆ పట్టీలనే ఎర్రసైన్యం 1943లో మళ్లీ తగిలించుకుంది, అది వేరే కథ.

శ్వేతసేన అనండి. శ్వేతసౌధం, శ్వేతపత్రం అంటున్నాం కదా, వాటిని ఎవరూ అపార్థం చేసుకోరు.

వేరొకరు:

శ్వేతసేన నాకు నచ్చలేదు. ఎదుటివాళ్లను ఎర్రసైన్యం అంటూ వీళ్లను శ్వేతసేన అంటే ఒకరు పొలం నుంచి, ఒకరు గుడి నుంచి వచ్చినట్టుంది. రష్యన్‌లో ఆ తేడా లేదు. క్రాస్నీయె, బెలీయె: రెండూ వీధిలో పిల్లలు పలికే మాటలే. ఒకటి సంస్కృతం, ఒకటి తెలుగు పెడితే అనువాదకుడు తెలియకుండానే ఒక పక్షానికి పట్టుపంచె కట్టినట్టు.

అసలు తప్పు "తెల్ల"లో లేదు, "వాళ్లు"లో ఉంది. తెల్లవాడు, తెల్లవాళ్లు, తెల్లదొరలు అంటే మనకు ఒంటి రంగే. అదే తెల్లసైన్యం అనండి, తెల్లపక్షం అనండి, దొర మాయమైపోతాడు. ఎరుపు వైపు ఈ చిక్కు లేకపోవడానికీ కారణం అదే. ఎర్రవాళ్లు అని మనం అననే అనం, ఎర్రజెండావాళ్లు అంటాం. కనక ఎర్రసైన్యం, తెల్లసైన్యం అని జంటగా పెట్టండి.

మొదట జవాబిచ్చిన వ్యక్తి:

ఈ వాదనకు ఒప్పుకుంటున్నాను. కాకపోతే రెండు రంగులతో లెక్క సరిపోయిందని పిల్లలు అనుకోకుండా చూడండి. ఏ సైన్యంలోనూ చేరకుండా అడవి పట్టిన రైతు దళాలను పచ్చవాళ్లు, జెల్యోనియె, అన్నారు. ఉక్రెయిన్‌లో అరాచకవాది మఖ్నో అనుచరులది నల్లజెండా. ఆ కొద్ది ఏళ్లలో కీవ్ నగరం పదిసార్లకు పైగా చేతులు మారింది. ఇక బోల్షెవిక్ అంటే అధికసంఖ్యవాడు, 1903 నాటి పార్టీ మహాసభలో దక్కిన ఆధిక్యం వల్ల వచ్చిన పేరు. 1917 చివర రాజ్యాంగసభ ఎన్నికల్లో మాత్రం వాళ్లకు వచ్చినవి నాలుగో వంతు ఓట్లే. సభ 1918 జనవరిలో ఒకే ఒక్కసారి కూర్చుంది, ఆ తర్వాత తలుపులు మూశారు. పేర్లను నమ్మి చరిత్ర చదివితే ఇంతే.

ఇంకొకరు:

ఆ నాన్నగారిని అంత తేలిగ్గా తీసేయకండి. 1918లో బ్రిటిష్ సేనలు ఉత్తరాన ముర్మాన్‌స్క్‌లో, తర్వాత అర్ఖాంగెల్‌స్క్‌లో దిగాయి. అమెరికన్లు, ఫ్రెంచివాళ్లు కూడా వచ్చారు. తెల్లసైన్యానికి తెల్లదొరల తుపాకులు అందాయి. ఇంతకన్నా వింత కాస్పియన్ సముద్రానికి తూర్పున జరిగింది. ఇప్పటి తుర్క్‌మెనిస్తాన్‌లోని అష్కాబాద్‌కు తూర్పున రైలుదారి మీద కాఖ్కా అనే స్టేషనుంది. 1918 ఆగస్టులో అక్కడ బోల్షెవిక్కుల మీద తుపాకులు పేల్చినవాళ్లలో బ్రిటిష్ ఇండియా సైన్యపు 19వ పంజాబీ దళం సిపాయిలున్నారు. ఇప్పుడు "తెల్లవాళ్లు కాల్పులు జరిపారు" అని రాయండి చూద్దాం.

ప్రశ్న అడిగిన వ్యక్తి:

అందరికీ ధన్యవాదాలు. పౌరయుద్ధాలన్నీ అంతర్యుద్ధాలైపోయాయి. మొదటి వాక్యాన్ని ఇలా మార్చాను: "1919 జూన్‌లో దెనీకిన్ నాయకత్వంలోని తెల్లసైన్యం ఖార్కోవ్‌ను పట్టుకుంది." నాన్నగారికి మళ్లీ వినిపించాను. "ఓహో, వాళ్లలో వాళ్లే" అన్నారు.

తర్వాత వెతికితే ఒక బొమ్మ కింద ఇంకో "తెల్లవాళ్లు" దొరికింది. దాన్నీ తెల్లసైన్యం చేయబోయి, బొమ్మ చూసి ఆగాను. అది అర్ఖాంగెల్‌స్క్ రేవు, ఓడ దిగుతున్నది బ్రిటిష్ సైనికులు. అక్కడ "బ్రిటిష్ సైనికులు" అని రాశాను.